మూడు రకాల 'రెండించుల' పైపులు: పాత హాట్ టబ్‌ను మళ్లీ కలిపేటప్పుడు తేడా ఎక్కడ వస్తోంది

సంక్షిప్తంగా: వాడిన హాట్ టబ్ (వేడినీళ్లను జెట్లతో చిమ్మే పెద్ద స్నానపు తొట్టి) కొన్నాక మొదలయ్యే లీకేజీలకు ప్లంబర్ చేతకానితనం కన్నా కొలతల గందరగోళమే ఎక్కువ కారణం. మన షాపుల్లో 'రెండించులు' అనే ఒకే పేరుతో మూడు వేర్వేరు కొలతల పైపులు దొరుకుతాయి. పీల్చే వైపు లీకును, నెట్టే వైపు లీకును ఒకటే అనుకోవడం, 60 హెర్ట్జ్ మోటరును 50 హెర్ట్జ్ కరెంటుకు కలపడం, బోరు నీళ్లలోని సున్నం... ఈ మూడూ దానికి తోడవుతాయి. బోరు, డ్రిప్ పనులు తెలిసిన చోట ఇది అర్థం కాని విద్యేమీ కాదు.

కోసిన పైపులతో దిగే టబ్బు

హైదరాబాద్ నుంచి శ్రీశైలం వెళ్లే దారిలో కడ్తాల్, ఆమన్‌గల్ దాకా, బెంగళూరు హైవే మీద షాద్‌నగర్, జడ్చర్ల వైపు, విజయవాడ రోడ్డులో చౌటుప్పల్ చుట్టుపక్కల ఫాంహౌజులు, రిసార్టులు పెరిగాయి. వాటిలో కొన్నింటికి హాట్ టబ్బులూ వచ్చాయి. స్థలం అమ్ముడుపోయినప్పుడో, కరెంటు బిల్లు భారమైనప్పుడో ఆ టబ్బు పాత సామాను కింద ఇంకొకరి ఇంటికి చేరుతుంది.

ఆరుగురు కూర్చునే టబ్బు ఖాళీగా ఉన్నప్పుడే 300 నుంచి 400 కిలోలు తూగుతుంది. దాన్ని డీసీఎం (చిన్న లారీ) ఎక్కించే తొందరలో పైపులను కలిపే మర జాయింట్లను, అంటే యూనియన్లను, తిప్పి విప్పే ఓపిక ఎవరికీ ఉండదు. హ్యాక్సా బ్లేడుతో పైపులు కోసేస్తారు. మోటరు, హీటరు విడిగా గోనెసంచిలో వస్తాయి. ఏ పైపు దేనికి కలవాలో రాసిన చీటీ మాత్రం రాదు.

అసలు ఖర్చు ఆ కోతలోనే ఉంది. పీవీసీ జాయింటును ఒకసారి అంటిస్తే మళ్లీ విప్పలేం. 'సొల్యూషన్' అని పిలిచేది మామూలు జిగురు కాదు. అందులో టెట్రాహైడ్రోఫ్యూరాన్ వంటి ద్రావకాలు ఉంటాయి. అవి పైపు పైపొరనూ సాకెట్ లోపలి పొరనూ కరిగిస్తాయి. ద్రావకం ఆరిపోయాక రెండూ కలిసి ఒకే ముక్కగా మిగులుతాయి. అందుకే పాత ఎల్బో, పాత టీ మళ్లీ పనికిరావు. వాటి వెనక పైపు కోసి కొత్తవి వేయాలి. కోసిన ప్రతిసారీ పైపు పొట్టిదవుతుంది. కొత్త కప్లర్ కూర్చోవాలంటే సాకెట్ లోతుకు సరిపడా, అంటే సుమారు 30 నుంచి 40 మిల్లీమీటర్ల పైపు మిగిలి ఉండాలి. టబ్బు గోడకు ఆనించి కోసిన చోట అంత పైపు మిగలదు. అప్పుడు టబ్బు గోడలో నీళ్లు చిమ్మే జెట్ బాడీనే మార్చాల్సి వస్తుంది. కాబట్టి పాత టబ్బు బేరమాడేటప్పుడు మోటరు తిరుగుతోందా లేదా అన్నదానికన్నా ముందు చూడాల్సింది మిగిలిన పైపు పొడవు.

టబ్బు లోపల నీళ్ల దారి

టబ్బు అడుగున జాలీ మూతలున్న రంధ్రాల గుండా, ఫిల్టర్ గుండా నీళ్లు మోటరుకు వెళ్తాయి. మోటరు వాటిని హీటరులోకి నెడుతుంది. అక్కడి నుంచి మ్యానిఫోల్డ్ అనే లావు గొట్టానికి, దాని నుంచి సన్నని గొట్టాల ద్వారా జెట్లకు చేరి మళ్లీ టబ్బులోకి వస్తాయి. కొన్ని మోడళ్లలో హీటరు మోటరుకు ముందే ఉంటుంది. అయినా లెక్క మారదు: ఒక వైపు పీల్చడం, ఇంకో వైపు నెట్టడం.

మ్యానిఫోల్డ్‌ను చూస్తే బత్తాయి తోటలో డ్రిప్ వేయించిన రైతుకు సబ్‌మెయిన్ గుర్తొస్తుంది. ముళ్లలాంటి గాట్లున్న ముక్కుకు ముప్పావు ఇంచు గొట్టం తొడిగి క్లాంపు వేస్తారు. జెట్టులో బుడగలు వచ్చే పద్ధతి కూడా డ్రిప్‌లో ఎరువు పీల్చే వెంచురీదే. ఇరుకు దారిలో నీళ్ల వేగం పెరుగుతుంది, అక్కడ ఒత్తిడి పడిపోతుంది, పక్కనున్న సన్న గొట్టం నుంచి గాలి లోపలికి వస్తుంది. గాలి గొట్టాన్ని పొరపాటున నీళ్ల గొట్టానికి కలిపితే టబ్బు అంచు మీదున్న గాలి నాబ్ లోంచి నీళ్లు చిమ్ముతాయి. నీళ్లలోని క్రిములను చంపే ఓజోన్ పెట్టె ఉన్న టబ్బులో ఆ పెట్టె లైనుకు ఎన్నార్వీ (నీళ్లను వెనక్కి రానివ్వని వాల్వు) ఉంటుంది. దాన్ని తిరగేసి పెడితే ఓజోన్ లైను పనిచేయదు. అసలు పెట్టకుండా వదిలేస్తే నీళ్లు వెనక్కి వచ్చి ఆ పెట్టెను పాడుచేస్తాయి.

ఈ పోలిక యాదృచ్ఛికం కాదు. ఇటలీ నుంచి అమెరికా వెళ్లి కాలిఫోర్నియాలో స్థిరపడిన జకూజీ సోదరులు మొదట విమానాల ప్రొపెల్లర్లు, ఆ తర్వాత వ్యవసాయ బావుల పంపులు తయారు చేశారు. వాళ్లింట్లో కీళ్లవాతంతో బాధపడే పిల్లవాడికి నీటి చికిత్స ఇంట్లోనే అందాలని 1956లో జె-300 అనే పంపు తెచ్చారు. దాన్ని మామూలు స్నానాల తొట్టిలో పెట్టి వాడేవారు. జెట్లు తొట్టిలోనే అమర్చిన మోడల్ 1968లో వచ్చింది. అంటే విలాసంగా కనిపించే ఈ సామానుకు పుట్టిల్లు బావి పంపే.

గుర్తులు లేకుండా కోసిన పైపుల్లో ఏది ఏదో తేల్చడానికి గాలి ఊదడం తేలిక పద్ధతి. టబ్బులో జెట్లు మునిగే దాకా నీళ్లు పోసి, కోసిన కొసలన్నీ ముందే రబ్బరు బిరడాలతో మూసి, ఒక్కొక్క దాంట్లోకి బ్లోయర్‌తో గాలి పంపాలి. ఏ జెట్టులో బుడగలొస్తే ఆ పైపు దానిదే. జాలీ మూత కింద బుడగలొస్తే అది పీల్చే పైపు.

ఆ జాలీ రంధ్రాల విషయంలో ఒక జాగ్రత్త ఉంది. పీల్చే రంధ్రాలు సాధారణంగా రెండు ఉండి ఒకే మోటరుకు కలుస్తాయి. ఒకటి మూసుకుపోయినా రెండోది నీళ్లు ఇస్తుందని అలా పెడతారు. పైపు చాలలేదని ఒకదానికి బిరడా కొట్టి రెండోదాంతో సరిపెడితే మోటరు పీల్చే బలమంతా ఒక్క రంధ్రం మీదే పడుతుంది. 2002లో అమెరికాలో వర్జీనియా గ్రేమ్ బేకర్ అనే ఏడేళ్ల పాప హాట్ టబ్ అడుగున ఇలా పీల్చే బలానికి చిక్కుకుని చనిపోయింది. ఆమె పేరుతో 2007లో ఆ దేశం ఈ మూతల మీద ప్రత్యేక చట్టమే చేసింది. పాత టబ్బుల్లో పగిలిన జాలీ మూత చాలాసార్లు కనిపిస్తుంది. దాన్ని మార్చకుండా మోటరు ఆన్ చేయకూడదు.

రెండించులు అంటే ఎంత?

పైపుల షాపులో రెండించుల పైపు అడిగితే షాపతను ఏం ఇస్తాడన్నది అడిగినవాళ్ల పనిని బట్టి ఉంటుంది. బోరు పనికైతే ఐఎస్ 4985 అనే భారతీయ ప్రమాణం ప్రకారం తయారైన వ్యవసాయ పీవీసీ ఇస్తాడు. దాని బయటి వ్యాసం 63 మిల్లీమీటర్లు. ఇంటి వేడినీళ్ల లైనుకైతే సీపీవీసీ ఇస్తాడు, అది 54 మిల్లీమీటర్లు. ఇంటి చన్నీళ్ల లైనుకు వాడే షెడ్యూల్ 40 లేదా 80 (గోడ మందాన్ని చెప్పే అంకెలు) యూపీవీసీ అయితే 60.3 మిల్లీమీటర్లు. అమెరికా నుంచి వచ్చిన టబ్బుల్లో ఉండేది ఈ చివరిదే. యూరప్ టబ్బుల్లో 63, 50 మిల్లీమీటర్ల మెట్రిక్ పైపులుంటాయి. చైనా తయారీ ఏ దేశం ఆర్డరుకు చేసిందైతే ఆ కొలతలో ఉంటుంది.

63కూ 60.3కూ మధ్య తేడా మూడు మిల్లీమీటర్లు కూడా లేదు. చేత్తో పట్టుకుంటే రెండూ ఒకటే అనిపిస్తాయి. చిక్కంతా అక్కడే. 60.3 పైపు 63 కప్లర్‌లో సులువుగా దూరిపోతుంది. చుట్టూ మిల్లీమీటరుకు పైగా సందు మిగులుతుంది. సొల్యూషన్ పనిచేయాలంటే రెండు పొరలూ ఒకదానికొకటి ఒత్తుకోవాలి. ఆ సందును సొల్యూషన్‌తో నింపితే బయటికి నిండుగా కనిపిస్తుంది గానీ ద్రావకం ఆరేకొద్దీ లోపల కుంచించుకుపోయి సన్నని దారులు ఏర్పడతాయి. మొదటి రోజు చుక్క కారదు. నీళ్లు వేడెక్కి, మోటరు అదురు తోడయ్యాక మొదలవుతుంది. అంతా అయ్యాక టబ్బే బాలేదన్న నింద వస్తుంది.

పల్లెల్లో ఇంకో అలవాటు ఉంది. పైపు కొసను మంట మీద కాల్చి, మెత్తబడ్డాక ఇంకో పైపు దూర్చి సాకెట్ చేయడం. చేలో నీళ్లు పారించడానికి అది చాలు. లీకైతే లీకైన నీళ్లూ చేలోకే పోతాయి. టబ్బులో అది చెల్లదు. కాల్చిన చోట గోడ పలచబడుతుంది, గుండ్రదనం పోతుంది. పీల్చే వైపు అలాంటి జాయింటు గాలి తీయకుండా ఉండటం కష్టం.

కొలత తేల్చడానికి వెర్నియర్ లేకపోయినా నష్టం లేదు. దర్జీ టేపు పైపు చుట్టూ తిప్పి చూస్తే చాలు. చుట్టుకొలత సుమారు 189 మిల్లీమీటర్లు వస్తే అది 60.3 పైపు. 198 వస్తే 63, 170 వస్తే సీపీవీసీ. ఒకటిన్నర ఇంచుల పైపుల్లో కూడా ఇదే తేడా ఉంది: అమెరికా కొలత 48.3, మన వ్యవసాయ పైపు 50. వాటి చుట్టుకొలతలు 152, 157.

సరైన పరిష్కారం, 60.3 పైపుకు షెడ్యూల్ 40 లేదా 80 ఫిట్టింగులే కొనడం. అవి బోరు సామాను షాపుల్లో కాకుండా ఇళ్ల ప్లంబింగు సామాను అమ్మేచోట దొరుకుతాయి. నల్లగొండలో, మహబూబ్‌నగర్‌లో స్టాకు లేకపోతే హైదరాబాద్ నుంచి తెప్పించుకోవడం దండగ ఖర్చు కాదు. మర (థ్రెడ్) ఉన్న ఫిట్టింగులతో రెండు కొలతలను కలపొచ్చు గానీ అక్కడ కూడా ఓ మెలిక ఉంది. మన దగ్గర వాడేది బీఎస్‌పీ మర, అమెరికాలో ఎన్‌పీటీ. రెండించుల సైజులో మొదటిదానికి ఇంచుకు 11 చుట్లు, రెండోదానికి 11.5. రెండు మూడు చుట్లు చక్కగా ఎక్కి తర్వాత బిగుసుకుంటుంది. ఎక్కువ టెఫ్లాన్ టేపు చుట్టి బలవంతంగా తిప్పితే ప్లాస్టిక్ చీలుతుంది.

చిన్న పైపుకు దిగడం ఇంకో ప్రలోభం. రెండించుల చోట ఒకటిన్నర ఇంచు పెడితే అంతే నీటికి రాపిడి నష్టం మూడు రెట్లకు పైగా పెరుగుతుంది. సీపీవీసీ పెట్టినా దాని లోపలి దారి ఇరుకు కాబట్టి నష్టం రెట్టింపు దాటుతుంది. వేడినీళ్లు కదా, సీపీవీసీ మంచిది కాదా అన్న అనుమానం సహజమే. టబ్బు నీళ్లు మామూలుగా 40 డిగ్రీలు దాటవు. 38 డిగ్రీల దగ్గర మామూలు పీవీసీ తన ఒత్తిడి సామర్థ్యంలో దాదాపు 62 శాతం నిలుపుకుంటుంది. టబ్బు మోటరు పెట్టే ఒత్తిడి దానిముందు చాలా తక్కువ. పగిలిపోతుందన్న భయం లేదు. అయితే పలచటి నాలుగు కేజీల పైపు (ఆ అంకె బరువు కాదు, తట్టుకునే ఒత్తిడి) పీల్చే వైపు పెడితే వేడికి మెత్తబడి వంగుతుంది. జాయింటు మీద ఆ బరువు పడుతుంది.

మోటరు ఆగినప్పుడు కారితే ఒకటి, తిరిగేటప్పుడు కారితే ఒకటి

లీకు ఎక్కడుందో కన్నా ఎప్పుడు కారుతోందో చూస్తే త్వరగా దొరుకుతుంది. మోటరు తిరుగుతున్నప్పుడే కారితే అది నెట్టే వైపు. తిరిగేటప్పుడు పొడిగా ఉండి, ఆపగానే చుక్కలు పడితే పీల్చే వైపు. పీల్చేటప్పుడు అక్కడ బయటి గాలి లోపలికి వెళ్తుంది కాబట్టి నీళ్లు కారవు. దాని బదులు గాలి నాబ్‌లు మూసినా జెట్లలో సన్నని నురగ కనిపిస్తుంది. మోనోబ్లాక్ మోటరు గాలి తీయడం చూసినవాళ్లకు ఈ లక్షణం కొత్త కాదు. ఎంసీల్ లాంటి ముద్ద నెట్టే వైపు కొన్నాళ్లు నీటిని ఆపొచ్చు. పీల్చే వైపు మాత్రం జాయింటు కోసి మళ్లీ వేయడమే దారి.

మోటరుకూ హీటరుకూ రెండు వైపులా ఉండే యూనియన్లలో నీటిని ఆపేది మర కాదు, లోపలి ఓ-రింగు అనే రబ్బరు ఉంగరం. దాని మర మీద టేపు చుడితే ఉంగరం సరిగ్గా కూర్చోదు. కొత్త ఓ-రింగు వేసి, సిలికాన్ గ్రీజు పలచగా రాసి, చేత్తో బిగించి, ఆపైన ఓ పావు చుట్టు తిప్పితే చాలు. పెట్రోలియం జెల్లీ కొన్ని రబ్బర్లను ఉబ్బేలా చేస్తుంది కాబట్టి దాని జోలికి పోకపోవడం మంచిది. ఎండలో ఏడాది పడి ఉన్న టబ్బులో జెట్ల రబ్బరు వాషర్లు కూడా ఎండి పగిలి ఉంటాయి. చలి దేశాల మాన్యువళ్లు పైపుల్లో నీళ్లు గడ్డకట్టి పగలడం గురించి పేజీలకు పేజీలు రాస్తాయి. పాలమూరులో ఆ బెడద లేదు. ఇక్కడ ఆ పని ఎలుకలూ ఉడతలూ చేస్తాయి. సన్నని మెత్తటి గొట్టాలను మొత్తం పొడవునా తడిమి చూడాలి.

ప్లంబర్‌ మీద పడే కరెంటు నింద

అంతా సరిగ్గా కలిపినా జెట్లు బలంగా రావడం లేదన్న ఫిర్యాదు ఉంటుంది. అమెరికా మోటరు 60 హెర్ట్జ్‌ది, మన కరెంటు 50 హెర్ట్జ్. మోటరు వేగం ఆరింట ఐదు వంతులకు పడిపోతుంది. పంపు నెట్టే ఎత్తు వేగం వర్గాన్ని బట్టి మారుతుంది కాబట్టి అది 69 శాతానికి దిగుతుంది. ఇందులో పైపుల తప్పేమీ లేదు. పైగా వోల్టేజీ తగ్గించకుండా ఫ్రీక్వెన్సీ ఒక్కటే తగ్గితే మోటరు ఇనుప కోరులో అయస్కాంత ప్రవాహం పెరిగి మోటరు వేడెక్కుతుంది. దీర్ఘకాలం వాడాలంటే 50 హెర్ట్జ్ మోటరు వేయడమే మేలు.

అమెరికా టబ్బుల్లో కొన్ని భాగాలు 120 వోల్టులవి. ఓజోన్ పెట్టె, చిన్న సర్క్యులేషన్ పంపు తరచుగా అలాగే ఉంటాయి. వాటికి 230 ఇస్తే క్షణంలో కాలిపోతాయి. 240 వోల్టులకు 5.5 కిలోవాట్ల హీటరు మన 230 దగ్గర సుమారు 5 కిలోవాట్లు, 22 ఆంపియర్లు తీసుకుంటుంది. 16 ఆంపియర్ల ప్లగ్గు దానికి చాలదు. విడిగా లైను, మంచి ఎర్తింగు, 30 మిల్లీ ఆంపియర్ల ఆర్సీసీబీ (కరెంటు లీకైతే సరఫరా ఆపేసే స్విచ్చు) లేకుండా ఈ టబ్బులో దిగకూడదు. సాయంత్రం వోల్టేజీ 180కి పడితే హీటరు శక్తి 61 శాతానికి తగ్గుతుంది. నీళ్లు వేడెక్కకపోవడానికి అదీ ఒక కారణం. తెలంగాణలో వ్యవసాయానికి 2018 జనవరి 1 నుంచి 24 గంటల ఉచిత కరెంటు వస్తోంది కదా అని బోరు లైను నుంచి టబ్బుకు తీయడం ఆ కనెక్షన్ ఉద్దేశానికి విరుద్ధం.

నల్లగొండ నీళ్లు పైపుల్లో ఏం చేస్తాయి

నల్లగొండ నీళ్లంటే మొదట గుర్తొచ్చేది ఫ్లోరైడ్. పటిక, సున్నంతో ఫ్లోరైడ్ తీసే పద్ధతిని నాగ్‌పూర్‌లోని నీరీ సంస్థ రూపొందించింది. దానికి 'నల్లగొండ టెక్నిక్' అనే పేరే స్థిరపడింది. అయితే టబ్బు పైపులను ఫ్లోరైడ్ ఏమీ చేయదు. ఫ్లోరోసిస్ ప్రధానంగా తాగే నీటితో వచ్చే జబ్బు.

టబ్బుకు శత్రువు సున్నం. కాల్షియం కార్బనేట్ చాలా లవణాలకు భిన్నంగా నీళ్లు వేడెక్కేకొద్దీ తక్కువ కరుగుతుంది. అందుకే మొదట హీటరు రాడ్డు మీద పేరుకుంటుంది. జెట్లలో గాలి కలిసినప్పుడు నీటిలోని కార్బన్ డయాక్సైడ్ బయటికి పోయి పీహెచ్ పెరుగుతుంది. దాంతో సున్నం ఇంకా త్వరగా దిగుతుంది. గ్రానైట్ నేలల బోరు నీళ్లలో బైకార్బనేట్ ఎక్కువగా ఉండటం మామూలే కాబట్టి ఇక్కడ ఈ వేగం ఎక్కువ. టబ్బు నీళ్లలో కాల్షియం కఠినత్వం లీటరుకు 150 నుంచి 250 మిల్లీగ్రాములు ఉంటే మంచిది. తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 వేరే ఆధారం లేనిచోట మొత్తం కఠినత్వాన్ని 600 దాకా అనుమతిస్తుంది. తాగడానికి చెల్లే నీళ్లు టబ్బుకు చెల్లకపోవచ్చన్నమాట. మిషన్ భగీరథ నదీజలాలు ఇంత గట్టివి కావు. కానీ గ్రామాల్లో ఆ పథకం లెక్క మనిషికి రోజుకు 100 లీటర్లు. ఒక్క టబ్బు 1,200 నుంచి 1,500 లీటర్లు మింగుతుంది.

బ్లీచింగ్ పౌడర్ చేతికందుతుంది కదా అని టబ్బులో వేస్తే అందులోని కరగని సున్నం ఫిల్టరులో ముద్ద కడుతుంది. ద్రవరూపంలో దొరికే సోడియం హైపోక్లోరైట్ నయం. పాత టబ్బుకు మొదటి నింపుడు నీళ్లు స్నానానికి కాదు, పైపులు కడగడానికి. నెలల తరబడి మడుగు కట్టిన గొట్టాల్లో బంక పొర ఉంటుంది. లెజియొనెల్లా బ్యాక్టీరియా పెరగడానికి 20 నుంచి 45 డిగ్రీల నీళ్లు అనుకూలం, టబ్బు ఉండేది ఆ మధ్యే. క్లోరిన్ ఎక్కువ మోతాదులో కలిపి, అన్ని జెట్లు తెరిచి మోటరు తిప్పి, ఆ నీళ్లన్నీ తీసేశాకే అసలు నింపుడు. ఆ తర్వాత క్లోరిన్ 3 పీపీఎంకు (లీటరుకు 3 మిల్లీగ్రాములకు) తగ్గకుండా చూడాలి.

నీళ్లు నింపిన రోజు

టబ్బు మోటరు నీటి మట్టానికి కిందే ఉంటుంది. అయినా పైపుల్లో గాలి చిక్కుకుంటే నీళ్లు తీయదు. అందుకే ఫిల్టర్ గుంటలోంచి నీళ్లు పోయడం మంచిది. అప్పటికీ తీయకపోతే మోటరు ఆపి, దాని పై యూనియన్‌ను కొద్దిగా వదులు చేస్తే గాలి బుస్సుమని పోయి నీళ్లు వస్తాయి. వెంటనే బిగించాలి. గేట్ వాల్వులు మూసి ఉంచి మోటరు తిప్పితే సీలు కాలిపోతుంది. టబ్బు ప్యానెల్ మీద ఫ్లో ఎర్రర్ (నీళ్లు సరిగా పారడం లేదన్న హెచ్చరిక) వస్తే హీటరు మీది బాణం గుర్తు నీళ్లు వెళ్లే వైపే ఉందో లేదో ముందుగా చూడాలి.

వేసవిలో సొల్యూషన్ పూసిన క్షణాల్లోనే ఆరిపోతుంది. నీడలో, పొద్దున్నే అంటించి ఒక రోజు వదిలేశాక నీళ్లు పెట్టాలి. జాయింట్ల కింద పాత న్యూస్‌పేపర్ పరిస్తే ఒక్క చుక్క పడినా మచ్చ చెబుతుంది. నీటి మట్టం దిగుతూ వచ్చి ఒక ఎత్తు దగ్గర ఆగిపోతే లీకు ఆ ఎత్తులోనే వెతకాలి. పక్కన ఒక బకెట్ నీళ్లు పెట్టి పోల్చుకుంటే ఆవిరయ్యేదెంతో, కారేదెంతో తేలుతుంది.

చుట్టూ చెక్క పలకలు బిగించడానికి, కోసి తీసిన చోట ఫోం మళ్లీ నింపడానికి తొందర అక్కర్లేదు. వారం రోజులు వేడి మీద నడిపి చూడాలి. చలి దేశాల్లో వేడి పోకుండా ఆ ఫోం నింపుతారు. ఇక్కడ మే నెలలో బయటి ఎండే 40 డిగ్రీలు దాటుతుంది. ఫోం నిండిన టబ్బులో మోటరు వేడి కూడా చేరి, నీళ్లు హద్దు మించి వేడెక్కి టబ్బు దానంతటదే ఆగిపోయే అవకాశం ఉంది. ఫోం కొట్టించినా మోటరు, హీటరు, వాల్వుల చుట్టూ ఖాళీ వదలాలి. ప్రతి యూనియన్ దగ్గర ఏ పైపు ఎటు వెళ్తుందో మార్కర్‌తో రాసి ఫోటో తీసి ఉంచితే, టబ్బు మళ్లీ డీసీఎం ఎక్కే రోజు హ్యాక్సా బ్లేడు అవసరం పడదు.